గిడ్డమ్మత్త గట్టు మీది సాంబ్రాణి చెట్లు

మా మేనత్త గిడ్డమ్మ గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అడగకపోయినా రాస్తాను. ఎందుకంటే పత్తికొండ చుట్టుపక్కల ఆమె గురించి చెప్పుకునేవన్నీ శుద్ధ అబద్ధాలు. ఆమె దయ్యాలతో మాట్లాడుతుందని ఒకరంటారు. దయ్యాలను గోనెసంచిలో పట్టి అమ్ముతుందని ఇంకొకరంటారు. మొన్న నా అంగడికి వచ్చిన ఒక మహాతల్లి బెల్లం తూకం వేయించుకుంటూ, "మీ అత్త కాడ చిన్నదో పొన్నదో ఒక దయ్యముంటే ఇప్పించు యశోదా, మా ఆయప్ప తాగొచ్చినప్పుడు బెదిరించల్ల" అని అడిగింది. నాకు ఒళ్ళు మండింది. కొసరుగా వేసిన బెల్లం ముక్కను మళ్ళీ డబ్బాలోకి లాక్కున్నాను.

పేరుకు గిడ్డమ్మ గానీ మనిషి మంచి పొడగరి. ఆత్మకూరు దగ్గర అడవి అంచు పల్లెలో పుట్టింది. మా నాయనకు అక్క. పెళ్ళి చేసి ఆమెను ఈ పడమటి కర్నూలు ఎర్రనేలకు పంపించారు. ఆ తర్వాత చాలా ఏళ్ళకు నన్నూ ఇటే ఇచ్చారు, పత్తికొండలో నాకు కిరాణా అంగడి ఉంది. అత్త ఊరు అక్కడికి ఆటోలో పోయేంత దూరం. ఊరి పేరు మాత్రం చెప్పను. చెబితే ఆ ఊరివాళ్ళు దాని మీద కూడా పంచాయితీ పెడతారు.

అత్త మొగుడు రంగన్న మామ. ఆయనకు ఒకటే వృత్తి, సలహాలివ్వడం. సొంత చేన్లో పని అత్త చేసేది. ఆయన ఊళ్ళో వాళ్ళ గట్ల మీద కూర్చొని, తలకు తువాలు చుట్టుకొని, "ఏమప్పా, సాలు వంకర పోతాండాది", "ఏమప్పా, బుడ్డలు ఇంత లోతుకు ఏస్తే మొలుస్తాయా?" అంటూ పొద్దు పుచ్చేవాడు. ఆయన చెప్పింది ఒక్కటీ నిజమయ్యేది కాదు. అయినా చెప్పడం ఆపేవాడు కాదు. జ్వరమొచ్చి ఆదోని ఆసుపత్రిలో పడుకున్నప్పుడు కూడా నర్సమ్మకు సూది ఎక్కడ వేయాలో చేయి ఎత్తి చూపించాడట. ఆ జ్వరంతోనే పోయాడు, పాపం. ఊరంతా ఏడ్చారు. ఏడుస్తూనే కాస్త ఊపిరి కూడా పీల్చుకున్నారు, దాచిపెట్టి లాభం లేదు.

ఇక చెట్ల సంగతి.

మా పుట్టింటి వైపు అందుగు చెట్లని ఉంటాయి. బెరడు గీకితే బంక కారుతుంది. ఆ బంక ఆరితే సాంబ్రాణిలాగా నిప్పుల మీద వేసుకుంటాం. పసిబిడ్డకు నీళ్ళు పోసినాక ఆ పొగ పట్టనిదే మా వాళ్ళకు స్నానం అయినట్టే కాదు. అత్త ఇక్కడ బిడ్డను కన్నప్పుడు ఆ బంక దొరక్క, అంగట్లో కొన్నదేదో వేస్తే ఇల్లంతా కిరసనాయిలు వాసన వచ్చిందట. ఆ కోపం ఏళ్ళ తరబడి కడుపులో పెట్టుకుంది. ఒక ఎండాకాలం మా నాయన ఇక్కడికి వస్తుంటే, "నాకు చీరొద్దు, సారె వొద్దు, మన చేని అంచున ఉండే అందుగు కొమ్మలు నాలుగు కొట్టుకొని రాపో" అని ఫోను చేసింది. మా నాయన మోచేతి లావు కొమ్మలను బస్సు మీద వేసుకొని వచ్చాడు. కండక్టరు వాటిని శవం కట్టెలనుకొని చార్జీ వద్దన్నాడట.

వానలకు ముందు ఆ కొమ్మలను అత్త తన చేని గట్టు పొడుగునా నాటింది. ఊరంతా నవ్వారు. కాయ లేదు, పండు లేదు. ఎండాకాలం నీడ కావాలనుకునే వేళకు ఆకంతా రాల్చుకుంటుంది. బూడిద రంగు బెరడు ఎండకు తోలు లేచిన వీపులాగా పొరలు పొరలుగా ఊడుతుంది. మేకలు కూడా వాసన చూసి మొహం తిప్పుకుంటాయి. రంగన్న మామ అయితే గట్టు మీద కూర్చొని, "బతకవు గిడ్డీ" అని రోజూ చెప్పాడు. ఆయన చెప్పాడు కాబట్టి అన్నీ బతికాయి.

బతకడమే కాదు, బాగా నిలదొక్కుకున్నాయి. గట్టు కోసుకుపోవడం ఆగింది. వానకు ఎర్రమట్టి వంకలోకి పోకుండా చేన్లోనే నిలిచింది. ఆకు రాలి నేలలో కలిసింది. చెట్ల వరస కింద అత్త వేరుశనగ బుడ్డలు వేసింది, కంది వేసింది, కొర్ర వేసింది. చెట్లు వాటికి అడ్డం రాలేదు. కానీ బంక తీయాలంటే మాను లావెక్కాలి. పదేళ్ళకు పైనే కనిపెట్టుకొని ఉంది మహాతల్లి. ఈ చెట్లంటే ఎందుకంత పిచ్చి అని ఒకసారి అడిగాను.

"నన్ను అడిగి ఎవరూ ఏమీ చేయలేదే" అంది అత్త. "పెండ్లి అడగలేదు. ఈ ఊరు అడగలేదు. చేన్లో ఏం ఏయల్లో ఆయప్ప చెప్తే నేను ఏస్తి. ఈ చెట్లు ఒక్కటే నేను అనుకోని నేను నాటుకున్నెవి. ఇవి పోతే నాదని చెప్పుకునేకి ఏముండాది?"

ఈ మాట గుర్తుంచుకోండి. ఆ చెట్లు ఆమెకు వట్టి చెట్లు కావు.

మొన్న శివరాత్రి చలి పోయాక ముహూర్తం పెట్టుకుంది. నన్ను కూడా రమ్మంది. కొబ్బరికాయ కొట్టి, చిన్న గొడ్డలితో మొదటి చెట్టు పైబెరడును అరచేయంత మేర గీకింది. లోపలి కట్టెకు గొడ్డలి తగిలితే చెట్టు దెబ్బతింటుంది. అందుకని పసిబిడ్డకు తల గొరిగినట్టు ఊపిరి బిగబట్టి గీకింది. కాసేపటికి గీసిన చోట తేనె రంగు బొట్టు ఒకటి ఉబ్బింది. అరవై దాటిన మనిషి! చీర కుచ్చిళ్ళు ఎగదోపుకొని అక్కడే గంతులేసింది. "వచ్చెనే యశోదా, వచ్చె!" అని అరిచిన అరుపుకు పక్క చేన్లో తిమ్మయ్య ఎనుము తాడు తెంపుకొని పారిపోయింది. ఆ ఎండకు వాసన గుప్పున లేచి, గాలి వాలున కిందికి పోయింది.

అదిగో, ఆ కింద ఉన్నదే తిమ్మయ్య చేను.

తిమ్మయ్య చెడ్డవాడు కాదు. ఆలోచనాపరుడు. దాన్ని మించిన ప్రమాదం లేదు. ఆ వారంలోనే అతని బోరు గాలి కక్కింది. ఎనుము పాలు తగ్గించింది. పత్తికొండ మార్కెట్లో టమేటాను అడిగే దిక్కు లేక గంపలకు గంపలు రోడ్డు పక్కన కుమ్మరించాడు. అలా కుమ్మరించి, నా అంగడి బల్ల మీదికి వచ్చి కూలబడి, సోడా తాగుతున్నాడు. సరిగ్గా అప్పుడే దస్తగిరి సాయిబు వచ్చాడు. ప్రతి శుక్రవారం బజారులో అంగడంగడికీ సాంబ్రాణి పొగ వేసి, నెమలి ఈకల కుంచెతో ఆశీర్వదించి పోయే ముసలాయన ఆయన. పొగ వేస్తూ ఎప్పుడూ అనే మాటే అన్నాడు.

"ఈ పొగ తగిల్తే సైతాను ఈడ నిలబడదు బేటీ. లేసి పోతాది."

"యాడికి పోతాది?" అన్నాడు తిమ్మయ్య.

దస్తగిరి సాయిబును అంతవరకు ఆ ప్రశ్న ఎవరూ అడిగినట్టు లేదు. కుంచెతో గడ్డం గోక్కున్నాడు. "ఏమో నాయనా. పక్కకు పోతాదేమో" అని, నా పక్క అంగడికి పొగ వేయడానికి వెళ్ళిపోయాడు.

తిమ్మయ్య సోడా సగంలో వదిలేసి లేచాడు. అతని మొహం చూసి, ఏదో ముంచుకొస్తోందని నాకప్పుడే అనుమానం వచ్చింది. లోపల చక్కెర పొట్లాలు కడుతున్నదాన్ని, పట్టించుకోలేదు.

మర్నాటికి ఊళ్ళో వాట్సాప్ గ్రూపు మోగిపోయింది. గిడ్డమ్మ గట్టు మీద సాంబ్రాణి వాసన లేచింది. దాంతో ఆమె చేన్లో ఉన్న దయ్యాలన్నీ లేచాయి. నీరు పల్లానికి పోయినట్టే అవీ పల్లానికే పోతాయి. పల్లంలో ఉన్నది తిమ్మయ్య చేను. కాబట్టి బోరు, కాబట్టి ఎనుము, కాబట్టి టమేటా. చెట్లు కొట్టేయాల్సిందే.

చావడి కాడ పంచాయితీ పెట్టారు. నేను అంగడి మూసి మరీ పోయాను. పెద్దమనిషి బాలస్వామి. ఇంతెత్తు మనిషి, మీసాలు చూస్తే భయం వేస్తుంది. కానీ దయ్యమన్న మాట వింటే జేబులో నిమ్మకాయను తడుముకుంటాడు.

"దయ్యాలు గిడ్డమ్మొదినవే" అన్నాడు తిమ్మయ్య.

"నావెట్లయితాయప్పా?" అంది అత్త.

"నీ చేన్లోంచే గదా వచ్చింది."

"నా చేన్లో దయ్యాలుండాయని ఇన్నేండ్లలో ఎవరన్నా చెప్పినారా?"

"ఇప్పుడు ఉండాయా?"

"లేవు."

"చూస్తిరా!" తిమ్మయ్య జనం వైపు తిరిగాడు. "ఇప్పుడు లేవంటే, ముందర ఉన్నెట్లే గదా!"

జనం ఔనౌనని తలలూపారు. ఒక ముసలాయనైతే చప్పట్లు కూడా కొట్టాడు. నాకు తల గోడకు కొట్టుకోవాలనిపించింది.

"ఎన్ని ఉండాయప్పా?" అని అడిగాడు బాలస్వామి, నిమ్మకాయ పట్టుకొని.

"లెక్కబెట్టేకి అవి బడిపిల్లోల్ల మాదిరి వరసలో నిలబడతాయా? శానా ఉండాయి."

"ఆడవా, మగవా?"

"కలిసి మెలిసి ఉండాయి."

నేను ఆగలేకపోయాను. "ఎనుము చూడిదప్పా! చూడి ఎనుము పాలు తగ్గిస్తాది. దయ్యం పిండుకోని పోయిందా? బోర్లు ఊరంతా ఎండినాయి. టమేటా అందరిదీ పారబోసినారు. అందరి చేన్లకూ మా అత్తే తోలిందా?"

"నువ్వు అంగడి దానివి, నీకేం తెలుస్తాదమ్మా చేన్ల సంగతి?" అన్నాడు బాలస్వామి.

నాకు తెలిసినవి చాలానే ఉన్నాయి. షుగరు ఉన్న ఈ బాలస్వామి, పెళ్ళానికి తెలియకుండా నా అంగట్లో గోనెసంచుల చాటున కూర్చొని మైసూరుపాకు తింటాడన్నది అందులో ఒకటి. నోటి దాకా వచ్చింది. అత్త నా చేయి గిల్లింది, మింగేశాను.

చివరికి తీర్పు చెప్పారు. అమావాస్య లోపల గిడ్డమ్మ తన దయ్యాలను తను తోలుకొని పోవాలి. తోలుకొని పోకపోతే, అమావాస్య మరునాడు పొద్దున్నే చెట్లు కొట్టేయాలి.

"పోలీసు స్టేషనుకు పోదాం పా అత్తా" అన్నాను దారిలో.

"పోయి ఏమని చెప్తావే? దయ్యాలు పోయినాయి సారూ అని రాయించల్లా?" అంది అత్త. "అయినా ఈ ఊర్లోనే బతకల్ల నేను. బిందె పట్టుకోని కొళాయి కాడికి ఆళ్ళ నడుమనే పోవల్ల."

ఇంటికి వచ్చి కొంగు మొహం మీద కప్పుకొని ఏడ్చింది. రంగన్న మామ పోయినప్పుడు కూడా ఆమె అంతసేపు ఏడవలేదు. నాకూ ఏడుపొచ్చింది. పదేళ్ళు ఎదురుచూసి, బంక బొట్టు కళ్ళజూసిన వారానికే కొట్టేయమంటే ఎవరికి రాదు? తిమ్మయ్యను తలుచుకొని పళ్ళు నూరాను. అతని పెళ్ళాం సిద్దమ్మ మంచిది. చాటుగా వచ్చి, "అక్కా, నేను చెప్తే ఇనడక్కా, బుర్ర తింటాండాడు" అని ఆమె కూడా ఇంత ఏడ్చి పోయింది.

అమావాస్య మర్నాడు పొద్దున్నే ఏసేపు రంపం మిషను భుజాన వేసుకొని వచ్చాడు. చుట్టుపక్కల ఊళ్ళన్నిట్లో చెట్లు కొట్టేది అతనే. "నాకు మీ దయ్యాలతో పని లేదక్కా, నేను చర్చికి పోయేటోన్ని. తినేకి ఉగ్గాని పెట్టించినారంటే మొదలుపెడతా" అని నాతోనే అన్నాడు. జనమంతా గట్టు మీద చేరారు. బాలస్వామి ఈసారి రెండు జేబుల్లోనూ నిమ్మకాయలు పెట్టుకొచ్చాడు.

అత్త ఎక్కడా కనపడలేదు. ఏ అఘాయిత్యం చేసుకుందోనని అటూ ఇటూ వెతుకుతుంటే, కింద తిమ్మయ్య చేన్లో కనపడింది. తలంటి పోసుకొని, ఉతికిన చీర కట్టుకొని, చేతిలో మజ్జిగ చెంబుతో టమేటా కట్టెల నడుమ నిలబడి ఉంది.

"ఏం వదినా, నా చేన్లో ఏం పని?" అని తిమ్మయ్య పరుగెత్తాడు. మేమంతా వెనక పరుగెత్తాం.

"తోలుకోని పొమ్మన్నారు గదప్పా. తోలుకోని పోదామని వస్తి."

"ఎవరిని?"

"నా చేన్లోంచి వచ్చినెవరుంటే వాళ్ళని." అత్త చుట్టూ చూసింది. "వాళ్ళూ వీళ్ళూ ఎవరూ అగుపడల్యా. మీ మామొక్కడే ఉండాడు."

"ఏ మామ?" అన్నాను నేను. నాకు నిజంగానే బుర్రకు తట్టలేదు.

"మీ రంగన్న మామేనే. ఇంగెవరుంటారు మా చేన్లో? అదో, ఆ గట్టు మీద కూసోని ఉండాడు. తలకు తువాలు చుట్టుకోని."

జనమంతా ఒక్క అడుగు వెనక్కి వేశారు. బాలస్వామి మూడు అడుగులు వేశాడు.

అత్త గట్టు కాడికి పోయి, నడుం మీద చేయి వేసుకొని నిలబడింది. "ఏమయ్యా, మంది చేన్లో ఏం చేస్తాండావు? లేయ్, మజ్జిగ తాగి ఇంటికి పా." గట్టు వైపు చెవి ఒగ్గింది. "ఏందీ? ఆ? టమేటా కట్టెలు దగ్గర దగ్గర నాటినాడా? నాటుకోనీలే, ఆయప్ప చేను ఆయప్ప ఇష్టం. నీకెందుకు?"

తిమ్మయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు. ఎందుకంటే మామ బతికున్నంత కాలం అదే గట్టు మీద కూర్చొని అదే మాట అన్నాడు. వానకాలం అన్నాడు, ఎండాకాలం అన్నాడు, టమేటాలు లేనప్పుడు కూడా అన్నాడు.

"రానంటాడు తిమ్మయ్యా" అంది అత్త. "నీ సేద్యం చూస్తే ఆయప్పకు కడుపు తరుక్కపోతాండాదంట. ఈన్నే ఉండి నీకు అన్నీ చెప్తాడంట."

"వద్దు! వద్దొదినా!" తిమ్మయ్య రెండు చేతులూ ఎత్తి మొక్కాడు. "వేరే దయ్యమేదన్నా అయితే ఓర్చుకుంటా. రంగన్నను మాత్రం తోలుకోని పో. నీ కాళ్ళు పట్టుకుంటా."

"బోరు యాడ ఏయల్లో కూడా చూపిస్తాడంట."

"అయ్యో సామీ!" అని తిమ్మయ్య నేల మీద చతికిలబడ్డాడు. మామ చూపించిన చోట అతనొకసారి బోరు వేశాడు. పాతాళం దాకా పోయినా పొడి దుమ్మే వచ్చింది. ఆ దుమ్ము ఇప్పటికీ అక్కడ కుప్పగా ఉంది, కోళ్ళు పొర్లాడతాయి.

అత్త మళ్ళీ గట్టు వైపు తిరిగి బతిమాలింది, గదిమింది, మజ్జిగ చెంబు చూపించింది. ఊహూ. "నా మాట ఎప్పుడు ఇన్నాడప్పా ఆయప్ప, ఇప్పుడు ఇనేకి?" అని పెదవి విరిచి, చెంబు చంకన పెట్టుకుంది. "నేను తోలేది తోల్తి. రాకపోతే నన్నేం చేయమంటారు? పా ఏసేపూ, చెట్లు కొట్టుపో. చెట్లు పోతే ఆ వాసనా పోతాది. అడ్డం లేక ఆయప్ప ఇంగ ఊరంతా తిరుక్కుంటాడు. ఒక్క తిమ్మయ్య చేనే ఏముండాది, బాలస్వామి చేను గూడ చూసుకుంటాడు."

"ఏసేపూ, ఆగు!" అని బాలస్వామి అరిచిన అరుపు ఊళ్ళోకి వినపడింది.

ఏసేపు అప్పుడే మిషను తాడు లాగబోతున్నాడు. ఆగాడు. ఆగి ఉగ్గాని ఏమైందని అడిగాడు.

అక్కడికక్కడే రెండో పంచాయితీ మొదలైంది. ఈసారి తీరే మారిపోయింది. చెట్లు ఉండాలా వద్దా అన్న మాటే లేదు, ఇంకెక్కడెక్కడ నాటాలన్నదే చర్చ. తిమ్మయ్య తన కింది గట్టు మీద నాటుతానన్నాడు. "పైన గిడ్డమ్మ చెట్లు, కింద నీ చెట్లు ఉంటే మధ్యలో ఇరుక్కోని యాడికీ పోలేడప్పా" అన్నాడు బాలస్వామి. తిమ్మయ్యకు ఒళ్ళు జలదరించింది. ఆలోచనాపరుడు కదా, అంతలోనే తేరుకున్నాడు. చేను పొడుగునా ఎడెడంగా వరసలు నాటి, వరసల నడుమ పంట పెట్టుకుంటే, రంగన్న కూర్చోవడానికి వాసన లేని చోటే ఉండదు. ఎటు పోవాలో ఆయనే చూసుకుంటాడు.

"కొమ్మలు ఇస్తావా వదినా?" అని చేతులు నలిపాడు.

"చెట్లు ఉంటే గదప్పా కొమ్మలు" అంది అత్త.

"ఉంటాయి, ఉంటాయి! ఎవడు కొడ్తాడో చూస్తా నేను!" అన్నాడు తిమ్మయ్య. ఏసేపును గుడ్లురిమి చూశాడు కూడా, అసలు పిలిపించింది తనే అయినా.

ఆ ఎండాకాలం చివర్లో, మొదటి వాన పడకముందే, ఏసేపు ఆ రంపంతోనే అత్త చెట్ల నుంచి వాటికి నొప్పి తెలియనంతగా కొన్ని కొమ్మలు కోసి ఇచ్చాడు. తిమ్మయ్య నాటాడు. ఆ మాట తెలిసి, తిమ్మయ్య కింది చేను గోపన్న రాత్రికి రాత్రి కంగారుపడి, "రంగన్న నా కాడికొస్తే నేను ఊరిడిసి పోతా" అని వచ్చి తనూ కొమ్మలు పట్టుకుపోయాడు. గోపన్న కింద బొజ్జన్న. బొజ్జన్న చేను వంక దాకా ఉంటుంది. వంక అవతల వేరే ఊరు. అవతలి ఊరి వాళ్ళు ట్రాక్టరేసుకొని కొట్లాటకు వచ్చి, కొట్లాడి, చివరికి ట్రాక్టరు నిండా కొమ్మలకు వచ్చే ఏడాది కోసం చెప్పుకొని పోయారు. బోడి గట్లున్న ఊరు కాస్తా వరసలు వరసలుగా పచ్చబడింది. వ్యవసాయాఫీసు నుంచి ఒక సారు వచ్చి ఫోటోలు తీసుకొని, రైతులకు ఇంత చైతన్యం ఎట్లా వచ్చిందని ఆశ్చర్యపడ్డాడు. "నేలకు బలం సార్, తేమ నిలుస్తాది సార్" అని చెప్పాడు తిమ్మయ్య, కళ్ళార్పకుండా. రంగన్న పేరు ఒక్కరూ ఎత్తలేదు. ఎనుము ఈనింది, పెయ్యదూడ. అది కూడా చెట్ల చలవే అన్నాడు.

అత్త తీసిన బంకను వెదురు బుట్టలో పోసి నీడన ఆరబెట్టింది. నూనె కారిపోయి, గడ్డలు గట్టిపడి, తేనె రంగులో మెరిశాయి. మొన్న శుక్రవారం దాన్ని అంగడికి తీసుకుపోదామని వెళ్ళాను. అత్త జొన్నరొట్టెలు కాలుస్తోంది. పొయ్యిలో నిప్పులు మంచిగా ఉన్నాయి. పదేళ్ళ కష్టం కదా, మొదటి పొగ ఆ ఇంట్లోనే పడాలని నాకు ముచ్చటేసింది. చిన్న గడ్డ తీసి నిప్పుల మీద వేయబోయాను. అత్త రొట్టె వదిలేసి నా మణికట్టు పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు ఒకటి చిట్లింది.

"ఇంట్లో వొద్దే. ఏసుకుంటే బయట ఏసుకోపో."

"ఎందుకత్తా? ఇంతకాలం దీనికోసమే గదా ఎదురుచూస్తివి?"

అత్త రొట్టె మాడిపోతుంటే తీసి పక్కన పెట్టింది. నాకు నవ్వొచ్చింది. "ఏమత్తా, ఆ పొద్దు మామ నిజంగానే గట్టు మీద ఉన్యాడా ఏంది? ఊరోల్లను ఆటాడిచ్చినావనుకుంటి."

"నేనూ ఆటకే పిలిస్తినే" అంది అత్త. కళ్ళు తుడుచుకుంది, పొగ వల్ల కాదు. ఇంట్లో పొగే లేదు. "బతికుండగా ఎన్ని పంచాయితీలైనాయో, ఒక్కదానికన్నా నా తట్టు నిలబడి మాట్లాడినాడా? మా గిడ్డిది అంతేలేప్పా, మీరు చెప్పిందే రైటు అనేటోడు. ఆ పొద్దు పిలిస్తి. నా చెట్లు నిలబడె. ఇన్నేండ్లకు ఒక్కసారి నా తట్టు వచ్చినోన్ని, ఇప్పుడు పొగేసి ఎట్ల తరమల్లనే?"